చెవిలో హోరు, తగ్గిన వినికిడి: హియరింగ్ ఎయిడ్ ఎప్పుడు పెట్టుకోవాలో ఎలా తేల్చుకున్నాను

"ఇప్పుడే పెట్టుకున్నా మంచిదే, కొన్నాళ్లు ఆగి చూసినా ప్రమాదం లేదు. మీ ఇష్టం." 2023 నవంబర్‌లో ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో గీతగా చూపించే పరీక్ష) కాగితం నా చేతికిస్తూ ఈఎన్‌టీ డాక్టరు గారు అన్న మాట ఇది. డిసెంబర్‌కల్లా జబ్బు ఏమిటో తెలిసింది, మందు లేదనీ తెలిసింది. చెవి మిషన్, అదే హియరింగ్ ఎయిడ్, ఎప్పుడు పెట్టుకోవాలన్నది మాత్రం నాకే వదిలేశారు. ఆ నిర్ణయానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ఇప్పుడు, 2025 జనవరిలో, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్నవాళ్లు ఇంకెంతమందో ఉంటారు. వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను లెక్కల టీచర్ని. అప్పటికి వయసు 49. 2023 మధ్యలో ఎడమ చెవిలో సన్నటి కూత మొదలైంది. పాతకాలం టీవీ ఆన్ చేస్తే వచ్చే కీచుమనే చప్పుడు ఉండేదే, అలాంటిది. మొదట్లో ఇంట్లో ఏ ఛార్జరో, ఏ ఫ్రిజ్జో అలా మోగుతోందనుకుని ఒక్కొక్క స్విచ్చీ ఆపి చూశాను. అన్నీ ఆపేసినా మోగుతూనే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కొన్ని వారాలకి కుడి చెవిలోనూ వినపడసాగింది, కాకపోతే ఎడమ వైపే ఎక్కువ. పగలు పనిలో ఉంటే మర్చిపోయేదాన్ని. లైటు ఆర్పి పడుకున్నాక ఇక అదే ప్రపంచం. ఇది ఈ జన్మకి పోదా అన్న ఆలోచనే చప్పుడు కంటే ఎక్కువ బాధపెట్టేది.

వినికిడి తగ్గిందన్న సంగతి మాత్రం క్లాసులో బయటపడింది. పిల్లల గొంతులు సన్నగా ఉంటాయి. వెనక బెంచీల నుంచి జవాబు వస్తే పదిహేనో పదిహేడో తేల్చుకోలేకపోయేదాన్ని. "మళ్లీ చెప్పమ్మా" అంటే, తను చెప్పింది తప్పేమోనని ఆ పిల్ల జవాబు మార్చేసేది. పదిహేను అని సరిగ్గా చెప్పిన పిల్ల, నేను రెండోసారి అడిగేసరికి భయపడి ఇరవై అనేది. నాకు రెండోది స్పష్టంగా వినపడేది, "కాదు, కూర్చో" అనేదాన్ని. పక్కనున్న పిల్లలు "టీచర్, ముందు కరెక్టే చెప్పింది" అన్నాకే నాకు తెలిసింది. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. డాక్టరు గారు ముందు చెవుల్లో గులిమి ఉందేమో చూసి తీశారు. తీశాక హోరు పోతుందేమోనని ఆశపడ్డాను, పోలేదు. చప్పుడు ఒక చెవిలోనా రెండిట్లోనా, గుండె కొట్టుకునే లయతో కలిసి వస్తోందా, కళ్లు తిరుగుతున్నాయా, ఏ మందులు వాడుతున్నారు, పెద్ద శబ్దాల మధ్య పనిచేశారా, ఇది ఒక్కసారిగా వచ్చిందా అని వరుసగా అడిగారు. చివరి ప్రశ్న గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాత్రికి రాత్రి లేదా రెండు మూడు రోజుల్లోనే ఒక చెవి వినపడటం మానేస్తే, నేను ఆగినట్టు ఎవరూ ఆగకూడదు. అది ఎమర్జెన్సీ. స్టెరాయిడ్లు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదంటారు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాది మెల్లమెల్లగా తగ్గిన వినికిడి కాబట్టే ఆలోచించుకునే వ్యవధి దొరికింది.

అదే రోజు ఆడియోగ్రామ్ తీశారు. చప్పుడు చొరబడని చిన్న గది, తలుపు మూయగానే నా చెవుల్లో హోరు ఒక్కసారిగా పెద్దదైంది. హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బరువైన స్వరాల దాకా ఇబ్బంది లేదు. సన్నటి స్వరాలు వచ్చేసరికి బయటి బీప్ ఏదో, నా లోపలి కూత ఏదో తెలియలేదు. ఊరికే నొక్కుతున్నానేమోనని టెన్షన్ పడి బయటికి చెప్పేశాను. ఆడియాలజిస్ట్, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, చిన్నవయసు అమ్మాయి, "చెప్పడం మంచిదైంది మేడమ్, హోరు ఉన్నవాళ్లకి ఇది మామూలే" అని ఆగి ఆగి వచ్చే బీప్‌లకి మార్చింది. టక్ టక్‌మని తెగి తెగి వస్తుంటే వెంటనే గుర్తుపట్టగలిగాను. టెస్టుకి వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పండి. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం ఆనించి మళ్లీ అదే పరీక్ష చేసింది. ఒక చెవిని పరీక్షిస్తున్నప్పుడు రెండో చెవి సాయం చేయకుండా అందులో గాలి హోరు లాంటి చప్పుడు వేస్తారు. అది కొంచెం చికాకు పెట్టింది.

నా కాగితం ఇలా ఉంది. హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ స్వరం సన్నటిది. వినపడటానికి ఎన్ని డెసిబెల్స్ గట్టిగా వేయాల్సి వస్తే వినికిడి అంత తగ్గినట్టు. 1000 హెర్ట్జ్ దాకా రెండు చెవులూ 15, 20 డెసిబెల్స్ దగ్గరే, అంటే బాగానే ఉన్నట్టు. 2000 దాటాక గీత కిందికి జారింది. 4000 దగ్గర కుడి చెవి 45, ఎడమ చెవి 65. మాటలో అచ్చుల బలం ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటుంది. స, త, చ, క లాంటి హల్లులని విడదీసి చెప్పే సన్నటి భాగం పైన ఉంటుంది. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలో "కల" అన్నదాన్ని "తల" అన్నానట. నిశ్శబ్దంలో చాలావరకు సరిగ్గానే చెప్పాను, వెనక గోల వేసి వినిపిస్తే సగం తప్పాయి.

హోరుని కూడా కొలుస్తారని నాకు తెలియదు. ఒక్కొక్క స్వరం వినిపిస్తూ ఏది మీ చప్పుడుకి దగ్గరగా ఉందని అడుగుతారు. నాది 6000 హెర్ట్జ్ చుట్టుపక్కల తేలింది. ఎంత గట్టిగా ఉందో చూస్తే, ఆ స్వరంలో నాకు వినపడే కనీస మట్టం కంటే అయిదారు డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ. తలంతా నిండిపోయిన ఆ మోత అంతేనా అని నమ్మలేకపోయాను. చాలామందికి అంతే ఉంటుందట. చప్పుడు పరిమాణానికీ, అది పెట్టే బాధకీ లెక్క కుదరదని ఆ అమ్మాయి చెప్పింది. బాధని కొలవడానికి వేరే ప్రశ్నపత్రం ఇచ్చింది: 25 ప్రశ్నలు, 0 నుంచి 100 దాకా స్కోరు. "ఈ చప్పుడు వల్ల కోపం వస్తోందా", "నిద్ర పట్టడం కష్టమవుతోందా", "దీన్నుంచి తప్పించుకోలేనని అనిపిస్తోందా" వంటివి. నాకు 48 వచ్చింది, మధ్యరకం. ఆ ప్రశ్నలకి జవాబులు రాస్తుంటేనే కళ్లనీళ్లు తిరిగాయి. నా రాత్రుల గురించి ఎవరైనా అంత వివరంగా అడగడం అదే మొదటిసారి.

రెండు చెవుల మధ్య అంత తేడా ఉండటం వల్ల డాక్టరు గారు ఎంఆర్ఐ తీయించమన్నారు. వినికిడి నరం మీద పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు కానీ, ఉందేమో చూడాలని. ఉండే అవకాశం చాలా తక్కువని రెండుసార్లు చెప్పారు. నాకు "గడ్డ" అన్న మాట ఒక్కటే వినపడింది. స్కాన్‌కీ, రిపోర్టుకీ కలిపి రెండు వారాలకి పైనే పట్టింది. మొత్తం వ్యవహారంలో నేను బాగా నలిగింది అప్పుడే. ఇంట్లో అందరూ ధైర్యం చెబుతుంటే తలూపేదాన్ని, లోపల మాత్రం పిల్ల పెళ్లి దాకా లెక్కలు వేసుకునేదాన్ని. ఎంఆర్ఐ యంత్రం చప్పుడు చాలా గట్టిగా ఉంటుంది కాబట్టి, హోరు ఉందని అక్కడి టెక్నీషియన్‌కి ముందే చెప్పి, చెవుల్లో ప్లగ్గులూ పైన హెడ్‌ఫోన్లూ రెండూ అడిగి పెట్టించుకున్నాను. రిపోర్టులో ఏమీ లేదు. ఆ రాత్రి హోరు అలాగే మోగుతున్నా నిద్ర పట్టింది.

డిసెంబర్ చివర్లో మళ్లీ డాక్టరు గారి ముందు కూర్చున్నాం. లోపలి చెవిలో సన్నటి స్వరాలని పట్టే కణాలు దెబ్బతిన్నాయి, అవి తిరిగి రావు, హోరుని తీసేసే మాత్ర లేదు అని మెత్తగా, స్పష్టంగా చెప్పారు. తెలిసినవాళ్లు జింకో (ఒక చెట్టు ఆకుల సారం) బిళ్లలు, జింక్ బిళ్లలు సూచించారు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2014లో ఇచ్చిన టిన్నిటస్ (చెవిలో హోరు) మార్గదర్శకాల్లో ఆ రెండూ సిఫారసు చేయవద్దనే ఉంది. అదే పత్రంలో, వినికిడి లోపంతో పాటు బాధపెట్టే హోరు ఉన్నవాళ్లకి హియరింగ్ ఎయిడ్ పరీక్ష చేయించమని ఉంది. బిళ్లల సంగతి అక్కడితో వదిలేశాను.

మరి మిషన్ అప్పుడే ఎందుకు పెట్టుకోలేదు? కారణాలు ఉన్నాయి. ఎదురుగా కూర్చుని ఒకరు మాట్లాడితే నాకు బాగా వినపడేది. డబ్బు చిన్నదేమీ కాదు. శబ్దాలని పెంచే యంత్రం హోరుని కూడా పెంచుతుందేమోనన్న భయం అన్నిటికంటే గట్టిది. ఇంకోటి కూడా ఉంది, దాచను: 49 ఏళ్లకే చెవి మిషనా అని మనసు ముడుచుకుపోయింది.

మా అమ్మాయి మరో వైపు నుంచి తొందరపెట్టింది. "వినికిడి తగ్గినవాళ్లకి మతిమరుపు జబ్బు వస్తుందట అమ్మా, వెంటనే కొనేద్దాం" అని. ఆ భయం నాకూ అంటుకుంది కాబట్టి కూర్చుని చదివాను. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అచీవ్ అధ్యయనం, వినికిడి తగ్గిన 70 నుంచి 84 ఏళ్ల వయసు వాళ్లకి హియరింగ్ ఎయిడ్‌లు ఇచ్చి మూడేళ్లు చూసినది. అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. ముందే ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం సుమారు 48 శాతం తగ్గింది. పెద్దవాళ్లకి అది మంచి వార్తే. నా వయసులో, నా స్థాయి లోపానికి, ఆ భయంతో పరుగెత్తి కొనాల్సిన పని లేదనిపించింది. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2020లో హోరు గురించి ఇచ్చినవి నాకు ఎక్కువ దారి చూపాయి. హోరు ఉండి, వినికిడి లోపం వల్ల మాటలు అందుకోవడం కష్టమవుతుంటే మిషన్ ఇవ్వాలి. లోపం ఉన్నా మాటలకి ఇబ్బంది లేకపోతే ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు. లోపమే లేకపోతే హోరు కోసమని ఇవ్వకూడదు. అంటే నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే: మాటలు అందుకోవడం నాకు నిజంగా ఎంత కష్టమవుతోంది?

దానికోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. రోజూ రాత్రి రెండు మూడు ముక్కలు రాసేదాన్ని. ఎక్కడ మాట తప్పిపోయింది, ఎవరిది, వెనక ఏ చప్పుడు ఉంది, ఆ రోజు హోరు ఎలా ఉంది, సాయంత్రానికి ఎంత అలసిపోయాను. ఇంట్లో ఇబ్బంది తక్కువ. మా ఆయన పక్క గదిలోంచి పిలిస్తే వినపడదు, ఎదురుగా వచ్చి చెబితే సరిపోతుంది. స్కూల్లో అలా కాదు. వెనక రెండు వరుసలు, స్టాఫ్ మీటింగ్, ఫోన్లో తల్లిదండ్రులు, ఇవి పేజీ పేజీకీ వచ్చాయి. చూస్తుండగా ఇంకో సంగతి కూడా బయటపడింది. మీటింగ్ ఉన్న రోజున, చెవులు రిక్కించి కష్టపడి విన్న రోజున, సాయంత్రం హోరు ఎక్కువ. సెలవు రోజుల్లో తక్కువ. అప్పటిదాకా హోరు దాని ఇష్టానికి వస్తుంది, పోతుంది అనుకున్నాను.

ఏప్రిల్ నాటికి నోట్‌బుక్‌లో మరో రకం మాటలు కనిపించడం మొదలైంది. "వెనక వరుస వాళ్లని అడగలేదు." "మీటింగ్‌లో మాట్లాడలేదు." వినపడక తప్పిపోయినవి తగ్గాయి, ఎందుకంటే వినాల్సిన చోటుకి నేనే వెళ్లడం మానేస్తున్నాను. ముందు వరుసల పిల్లలనే ప్రశ్నలు అడుగుతున్నాను. ఆడియోగ్రామ్‌లో అంకె మారకపోయినా నా క్లాసు చిన్నదైపోతోంది. మనసులో నిర్ణయం అక్కడే అయిపోయింది. అయినా డాక్టరు గారు చెప్పిన ఆరు నెలల పరీక్ష అయ్యాకే అడుగు వేద్దామనుకున్నాను.

2024 జూన్‌లో రెండో ఆడియోగ్రామ్. ఎడమ చెవిలో 8000 దగ్గర 5 డెసిబెల్స్ తేడా వచ్చేసరికి గుండె జారింది. 5 తేడా పరీక్షకీ పరీక్షకీ మామూలుగానే వస్తుందని, దాన్ని తగ్గుదల కింద లెక్కవేయరని ఆడియాలజిస్ట్ చెప్పింది. ఆమెకి నోట్‌బుక్ చూపించాను. నిదానంగా పేజీలు తిప్పి, "ఇది ఆడియోగ్రామ్ కంటే నాకు ఎక్కువ చెబుతోంది మేడమ్" అంది. హోరు గురించి నా భయం అడిగాను. బయటి శబ్దాలు అందనప్పుడు మెదడు లోపలి చప్పుడునే పట్టించుకుంటుందట. మిషన్ వల్ల చిన్న చిన్న శబ్దాలు మళ్లీ అందితే హోరు వెనక్కి వెళ్లే అవకాశం ఉంటుంది. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి ఏ మార్పూ ఉండదు. "వినికిడి కోసం పెట్టుకోండి. హోరు తగ్గితే సంతోషం. హోరు ఒక్కదాని కోసమే అయితే నేను తొందరపెట్టను" అంది. అంత నిజాయితీగా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

మిషన్ అమ్మే మొదటి చోట మాత్రం మనసు చివుక్కుమంది. నా కాగితం పూర్తిగా చూడకుండానే అన్నిటికంటే పై రకం చూపించారు. ట్రయల్ ఇవ్వబోమన్నారు, ఈ వారం కొంటే తగ్గింపు అన్నారు. ఏళ్ల తరబడి చెవిలో పెట్టుకునే వస్తువుని వారంలో తేల్చమంటే ఎలా? రెండో చోట కొంత డిపాజిట్ కట్టించుకుని నాలుగు వారాల ట్రయల్ ఇచ్చారు. నచ్చకపోతే ఫిట్టింగ్ ఫీజు పట్టుకుని మిగతాది తిరిగిస్తామని కాగితం మీద రాసిచ్చారు. ఈ ట్రయల్ దొరకని చోట కొనవద్దనే నా గట్టి అభిప్రాయం. హోరు ఉన్నవాళ్లకి మరీను, ఎందుకంటే మనకి పనిచేస్తుందో లేదో పెట్టుకుని చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

జూలైలో ఫిట్టింగ్. చెవి వెనక కూర్చునే చిన్న డబ్బీ, దాన్నుంచి సన్నటి తీగ, తీగ చివర చెవిలోకి వెళ్లే బుల్లి స్పీకర్, దాని మీద రంధ్రాలున్న మెత్తటి సిలికాన్ టోపీ. దాన్ని డోమ్ అంటారు. ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమకి. నా కింది స్వరాలు బాగున్నాయి కాబట్టి చెవి పూర్తిగా మూసుకోకుండా ఆ రంధ్రాల డోమ్ వేశారు. లేకపోతే మన గొంతు మనకే డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుందట.

ఆ తర్వాత చేసిన కొలతే ఫిట్టింగ్‌లో అసలైనదని నా నమ్మకం. వెంట్రుకంత కాదు గానీ అంత సన్నగా అనిపించే మెత్తటి గొట్టం ఒకటి చెవిలోకి, కర్ణభేరికి కాస్త ఇవతలి దాకా జార్చారు. చక్కిలిగింతలు పెట్టినట్టుంది, నొప్పి లేదు. దాని పక్క నుంచే మిషన్ పెట్టారు. ఎదురుగా స్పీకర్లోంచి ఏ భాషా కాని మాటలు వచ్చాయి. నా చెవి లోపలికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో స్క్రీన్ మీద గీతగా కనపడింది. నా లోపానికి ఎంత చేరాలో ఇంకో గీత. మొదటి గీత సన్నటి స్వరాల దగ్గర బాగా కింద ఉంది. ఆడియాలజిస్ట్ ఒక్కొక్క చోటా గెయిన్ (మిషన్ శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచుతూ రెండు గీతల్నీ కలిపింది. "కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసిన లెక్క అందరి చెవులకీ సరిపోదు మేడమ్" అంది. ఈ కొలత చేస్తారా అని ముందే అడగండి. అన్ని చోట్లా చేయరు.

మొదటి రోజు నన్ను భయపెట్టింది కాగితం. జవాబుపత్రాల కట్ట తిప్పుతుంటే ఒక్కో కాగితం చిరిగిపోతున్నంత చప్పుడు. కుళాయి తిప్పితే ఉలిక్కిపడ్డాను. కీబోర్డు, చెప్పుల చప్పుడు, నా జుట్టు మిషన్‌కి రాసుకోవడం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. సాయంత్రం నాలుగింటికే తీసి డబ్బీలో పెట్టేశాను. పూర్తి గెయిన్ మొదటి రోజే ఇవ్వలేదని, మెల్లగా పెంచుతామని చెప్పినప్పుడు ఇంకా పెంచుతారా అని గుబులు పుట్టింది. నెమ్మదిగా రోజుకి ఇంకొన్ని గంటలు పెంచుకుంటూ పోతే, రెండు వారాలకి కాగితం మళ్లీ కాగితంలాగే వినిపించింది. మెదడు ఏది అవసరమో ఏది కాదో మళ్లీ నేర్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. తీసి బీరువాలో పడేసేవాళ్లు చాలామంది ఈ మొదటి వారాల్లోనే పడేస్తారని ఆడియాలజిస్ట్ చెప్పింది.

ఇక హోరు. మొదటి రాత్రి మిషన్లు తీయగానే పెద్దగా వినిపించింది, రోజూ కంటే కూడా. నా భయమే నిజమైందని ఏడుపొచ్చింది. మర్నాడు ఆడియాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే, రోజంతా శబ్దాల మధ్య ఉండి ఒక్కసారిగా నిశ్శబ్దంలోకి వెళ్లడం వల్ల అలా అనిపిస్తుంది, పడుకునే గదిలో సన్నగా వాన చప్పుడు పెట్టుకోండి అంది. హోరు కంటే గట్టిగా పెట్టవద్దు, హోరు అందులో కలిసిపోయేంత చాలు అంది. అది పనిచేసింది. మూడో వారంలో ఒక రోజు చివరి పీరియడ్ అయిపోయాక స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, పొద్దుటి నుంచీ హోరు సంగతే గుర్తురాలేదని గమనించాను. గుర్తురాగానే వినిపించింది కూడా. అయినా ఆ సంతోషం చెప్పలేను. మిషన్‌లో సముద్రపు హోరు లాంటి చప్పుడు వేసే ప్రోగ్రామ్ కూడా ఉంది. క్లాసులో అది పిల్లల మాటలకి అడ్డొచ్చింది, తీయించేశాను. ఇంట్లో సాయంత్రం మాత్రం అప్పుడప్పుడూ వాడతాను.

ఒక చెవికే కొంటే సగం డబ్బుతో పోతుంది కదా అని ట్రయల్‌లోనే కొన్ని రోజులు ఎడమ చెవికి మాత్రమే పెట్టి చూశాను. ఎదురుగా మాటలకి సరిపోయింది. క్లాసులో ఏ మూల నుంచి మాట వచ్చిందో తెలియక తల అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. పైగా కుడి చెవిలో హోరు అప్పటిదాకా లేనంతగా తెలిసింది. రెండూ పెట్టుకోవాలని అలా తేలింది.

ట్రయల్‌లో ఇచ్చినవి బటన్ బ్యాటరీవి, గోధుమరంగు స్టిక్కర్ ఉండే 312 సైజు. స్టిక్కర్ పీకి గాలి తగిలేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచి పెట్టాలి, వెంటనే పెడితే తొందరగా అయిపోతుంది. అయిపోయే ముందు చెవిలో టింగ్‌మని రెండుసార్లు మోగి, కాసేపటికి ఆగిపోతుంది. నాకు పాఠం మధ్యలో ఆగిపోయింది. అందుకని కొనేటప్పుడు ఛార్జింగ్ రకం తీసుకున్నాను. వాటి లోపలి బ్యాటరీ కొన్నేళ్లకి బలహీనపడుతుంది, మార్చడానికి కంపెనీకి పంపాలి. ఆ ఖర్చు, ఆ రోజుల్లో వాడుకోవడానికి వేరే జత ఇస్తారా అన్నది ముందే రాయించుకున్నాను. మిషన్ ధరలో చేరని చిన్న ఖర్చులు కూడా ఉంటాయి: డోమ్‌లు, స్పీకర్ మూతికి పెట్టే గులిమి ఫిల్టర్లు, తేమ లాగే డబ్బీ, వారంటీ అయ్యాక సర్వీసు. ఒక రోజు కుడి మిషన్ చచ్చిపోయిందనుకుని కంగారుపడ్డాను. ఆవగింజంత ఫిల్టర్ మారిస్తే మళ్లీ పలికింది. పై రకాలకీ మధ్య రకానికీ తేడా ఎక్కువగా గోలలో మాటని విడదీసే పద్ధతుల్లోనే ఉంది. రెండూ క్లాసులో పెట్టి చూశాను, నాకు తెలిసిన తేడా ఆ డబ్బుకి తగ్గట్టు లేదు. మధ్య రకమే తీసుకున్నాను.

కళ్లజోడు, మిషన్ రెండూ చెవి మీదే కాబట్టి కళ్లజోడు తీసేటప్పుడు మిషన్ ఎగిరిపడుతుంది. రెండు చేతులతో ముందుకి తీయడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. ఫోన్ మాటలు నేరుగా చెవిలోకి రావడం మాత్రం ఊహించని వరం. ఆ తల్లిదండ్రుల ఫోన్లంటే ఇప్పుడు భయం లేదు.

ఆగస్టు చివర్లో మిగతా డబ్బు కట్టేశాను. పిల్లలకి దాచలేదు. జుట్టు వెనక్కి కట్టుకునే వెళ్లాను. ఒక అమ్మాయి "టీచర్, అవి బ్లూటూతా?" అని అడిగింది. నాకు సన్నటి చప్పుళ్లు వినపడవని, ఇవి వినిపిస్తాయని చెప్పాను. "అయితే మేం గుసగుసలాడినా వినిపిస్తుందా?" అని వెనక నుంచి ఇంకొకడు. అది నాలుగో వరుస గుసగుస, నాకు వినపడింది. జవాబులు రెండోసారి అడగాల్సి వచ్చినప్పుడు ఇప్పుడు "నువ్వు చెప్పింది తప్పని కాదు, నాకు అందలేదు" అని ముందే అంటాను.

నవంబర్‌లో ఆ 25 ప్రశ్నల పత్రం మళ్లీ నింపితే 26 వచ్చింది. హోరు పోలేదు. జలుబు చేసినప్పుడు, నిద్ర తక్కువైనప్పుడు తిరగబెడుతుంది. రాత్రి వాన చప్పుడు ఇంకా కావాలి. అందరూ ఒకేసారి మాట్లాడే స్టాఫ్ మీటింగ్‌లో మిషన్ ఉన్నా సగమే అందుతుంది. బల్ల మధ్యలో పెట్టే చిన్న మైకు ఒకటి ఉంటుందట, మాటని నేరుగా మిషన్‌లోకి పంపేది. దాన్ని వచ్చే నెల ట్రయల్‌కి తీసుకుంటున్నాను. అదే రోజు ఎడమ చెవి గెయిన్ ఇంకొంచెం పెంచి చూద్దామంది ఆడియాలజిస్ట్. స్టాఫ్ మీటింగుల కోసం నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలుపెట్టాను.